ఆదిలాబాద్ దారి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పనిలో ఉన్నాను. ఏది పాడైనా వెతికితే కారణం దొరికేది. ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. సుధాకర్ ఏ తప్పూ చేయలేదని చెప్పడానికి రాస్తున్నాను.

కరీంనగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో నేనూ సుధాకరూ ఇద్దరం పనిచేసేవాళ్లం. ఆదిలాబాద్ బ్రాంచిలో తీసిన స్కాన్లు రెండు ఊళ్లనూ కలిపే మా వీపీఎన్ సర్వర్ గుండా ఇక్కడి డాక్టర్‌కు చేరాలి. అవి ఏ దారిన వెళ్లాలో సర్వర్‌కు చెప్పే లైను ఒకటుంటుంది. రూట్ అంటాం. అప్పటికప్పుడు టైప్ కొడితే పనిచేస్తుంది గానీ, సెట్టింగుల ఫైల్లో రాయకపోతే సర్వర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు పోతుంది.

నేను ఫైల్లో రాయలేదు.

ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయి వచ్చింది. ఆదిలాబాద్ వాళ్లు కనెక్ట్ అవుతున్నారు, స్కాన్లు మాత్రం రావడం లేదు. తలకు దెబ్బ తగిలిన పేషెంటు రిపోర్టు రెండు గంటలు ఆలస్యమైంది. ఓనర్ అరుస్తుంటే, "సుధాకర్ సెట్టింగులు ముట్టిండు సార్" అనేశాను.

బయటికొచ్చాక సుధాకర్ మెల్లగా అడిగాడు. "అన్నా, నువ్వు ఫైల్ల రాసినవా?"

పని ఉందని లోపలికి వెళ్లిపోయాను. ఆ సాయంత్రమే అతని ఉద్యోగం పోయింది.

తర్వాత కూడా రాయలేదు. రాస్తే ఫైలుకు కొత్త తేదీ పడుతుంది, అంతకుముందు అందులో ఆ లైనే లేదని తెలిసి నా అబద్ధం బయటపడుతుందని భయం. సర్వర్ ఆగినప్పుడల్లా ఆ లైను మళ్లీ టైప్ కొట్టేవాణ్ని. సుధాకర్ లాగిన్ తీసేసిందీ నేనే.

ఎనిమిది నెలలకు అతను గుండెపోటుతో పోయాడు. లక్సెట్టిపేట చర్చిలో ప్రార్థన జరుగుతుంటే శవపేటిక పక్కనే నిలబడ్డాను. జేబులో ఫోన్ ఆగకుండా వణుకుతోంది. బయటికొచ్చి చూస్తే ఆదిలాబాద్ ఆపరేటర్ రజితవి ఆరు కాల్స్. వెంటనే తిరిగి చేశాను.

"మీ దగ్గర కరెంటు పోయి వచ్చిందట సార్, స్కాన్లు పోతలెవ్వని ఒకటే పరేషాన్ అయిన. గిప్పుడు పోతున్నయి. మీరే చేసిండ్రు గదా?"

నేను చేయలేదు. సర్వర్ పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు.

కరీంనగర్ వచ్చి ఫైలు తెరిచాను. రూట్ లైను ఉంది. దాని పైన, "ఆదిలాబాద్ దారి. తియ్యొద్దు." ప్రతి లైను పైనా అది ఎందుకుందో తెలుగులో రాసిపెట్టే అలవాటు సుధాకర్‌ది. మాలో ఇంకెవరికీ లేదు. ఫైలు మారిన సమయం పదకొండూ ఇరవై. అప్పుడు చర్చిలో పేటిక మూత వేస్తున్నారు.

పాత కాపీలన్నీ వెతికాను. ఒక్కదాంట్లోనూ ఆ లైను లేదు. సర్వర్‌లోకి ఎవరు లాగిన్ అయ్యారో చూపే జాబితాలో ఆ పూట ఒక్క పేరూ లేదు.

ఓనర్‌కు నిజం చెప్పాను. సుధాకర్ భార్య దగ్గరికీ వెళ్లి చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"గీ ముచ్చట ఆయన ఉన్నప్పుడు చెప్తే ఏం పోతుండె అన్నా? ఒక్కనాడు నీ పేరు తియ్యలే ఆయన."

ఆ లైను ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ భయంభయంగా ఆ ఫైలు తెరుస్తాను. అది అక్కడే ఉంటుంది, నేను రాయాల్సిన లైను.