గోడలో దాగిన అయిదడుగులు

సార్ పోయారన్న కబురు సోమవారం పొద్దున గచ్చిబౌలిలో, నేను బైక్ టాక్సీ మీద ఉండగా వచ్చింది. "నాయిన పోయిండక్కా. తెల్లారంగ గుండెల నొప్పన్నడు, దవాఖానకు చేరకముందే..." అని వాళ్లబ్బాయి ఫోన్‌లో ఆగిపోయాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. గురువారం గోడ తెరుస్తున్నారు! మూడంటే మూడు రోజులు ఆగలేకపోయారా సార్?

ఏ గోడో చెప్తాను. పాత కట్టడాలకు కంప్యూటర్లో నమూనాలు గీయడం మా ఆఫీసు పని. బ్రిటన్‌లో, వేల్స్ కొండల్లో వందల ఏళ్లనాటి రాతి బంగళా ఒకటుంది. అక్కడివాళ్లు లేజర్‌తో కొలిచి పంపితే, ఇక్కడ మేం గోడగోడా గీయాలి. మా బృందానికి సారే పెద్ద. ఇక్కడి గోపన్‌పల్లి మనిషి, పాస్‌పోర్టు కూడా లేదు. అయినా ఆ ఇంట్లో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో కళ్లు మూసుకుని చెప్పేవారు. క్యాంటీన్‌లో బల్లల మధ్య అడుగులేసి గదులు కొలిచి చూపించేవారు. "జర జరుగమ్మా, పొయ్యిల నిలబడ్డవ్" అనేవారు. నిజమే, ఆ హాల్లో పొయ్యి మనిషి నిలబడేంత పెద్దది.

నేను కర్నూలు పిల్లని, చేతికి తొందరెక్కువ. చేరిన కొత్తలో ఆ ఇంటి వంకర గోడలన్నిటినీ తొంభై డిగ్రీలకు సర్దేసి, గొప్పగా చూపించాను. సార్ చాలాసేపు చూశారు.

"వంకరున్నందుకు గోడకు లేని సిగ్గు నీకెందుకమ్మా? ఇల్లు అబద్ధం చెప్పదు. గీసెటోళ్లమే చెప్తం."

తల కొట్టేసినట్టయింది. అంతా చెరిపి మళ్లీ గీశాను. ఈ రోజు నాకు తెలిసిన పనంతా ఆ చెరిపిన రోజున మొదలైందే.

చూడండి, ఉన్నది ఉన్నట్టు గీశాకే బయటపడింది! హాలు, పక్క నడవా, మధ్య గోడ, అన్నీ కలిపినా బయటి కొలతకు అయిదడుగులు తక్కువ. మొదటిసారి నేను గోడలు సర్దినప్పుడు ఆ అయిదడుగుల్నీ గోడ మందంలో కలిపేశాను. సార్ కుర్చీలోంచి లేచిపోయారు. "గింత లావు గోడ యాడన్న ఉంటదా? లోపల మెట్లున్నయి. రాసిస్త!"

చిక్కేమిటంటే, లిఫ్టు కోసం సరిగ్గా ఆ చోటే పగలగొట్టబోతున్నారు. అక్కడి ఆర్కిటెక్టు అది పాత పొగగొట్టమేలే అన్నాడు. మా మేనేజరు బతిమాలాడు: "ఫైలు పంపేద్దామండీ. గోడ వాళ్లది, లిఫ్టు వాళ్లది, మధ్యలో మనకెందుకండీ?"

సార్ పంపలేదు. "పొగగొట్టమైతే పైకప్పు మీద తేలాలె కద? పైన ఏం లేదు. నాలుగు రాళ్లు తీసి లోపల చూసినంకనే కొట్టుమను. నా పేరు మీదనే రాయి. తప్పైతే ఇగ నేను ఇంటికే పోత, ఫికర్ లేదు." ముప్పై ఏళ్ల మంచిపేరును ఆ ఒక్క గోడ మీద పెట్టారు మహానుభావుడు. నేను ఆ కొలతల్ని మళ్లీ మూడుసార్లు సరిచూశాను. ఆయన మాత్రం తాపీగా చాయ్ తాగారు. ఆ షరతుకు వేల్స్‌వాళ్లు ఒప్పుకుని, గురువారం తెరుస్తామన్నారు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసంతా ఒక్క తెర ముందు గుమిగూడాం. అక్కడ నాలుగు రాళ్లు ఊడదీశారు. దుమ్ము. ఇంకా దుమ్ము. దుమ్ము అణిగింది. రాతి మెట్టు! దాని మీద ఇంకోటి! "మెట్లే! మెట్లేరా నాయనా!" అని అరిచాను. మేనేజరు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు.

ఆర్కిటెక్టు నవ్వుతూ తెరలోకి వంగాడు. లిఫ్టును వేరే పక్కకు జరుపుతామన్నాడు. "ఆయన్ని పిలవండి. ముందు ఆయన చూడాలి."

వాళ్లకెవరూ చెప్పలేదు. నేనే చెప్పాను.

అతను హెల్మెట్ తీశాడు. తర్వాత దీపాన్ని పొడుగాటి కర్రకు కట్టి కన్నంలోంచి లోపలికి పెట్టాడు, మెట్టుమెట్టుకూ ఆపుతూ పైకెత్తాడు. ఎన్ని పాదాలు తొక్కాయో, మెట్ల నడుములు అరిగి గుంటలు పడ్డాయి. తొమ్మిదో మెట్టు దగ్గర దారి మలుపు తిరిగింది. దీపం మాకిక కనబడలేదు. వెలుగు మాత్రం గోడ మీద ఇంకా పైకి పోతూనే ఉంది.