వాకిలి దిక్కు చెప్పులు

రూముల అందరికి వంట చేసిపెట్టే మా కాక చెప్పులు ఎన్నడూ లోపలి దిక్కు చూసి ఎరుగవు. కువైట్ లడాయప్పుడు ఆయన రియాద్‌ల ఉండె. సైరన్ మోగంగనే కాళ్లు దూర్చి ఉరకాలెనని చెప్పుల్ని వాకిలి దిక్కు తిప్పి పెట్టుకునేటోడట. లడాయి అయిపోయింది, కాక సౌదీలనే జిజాన్ దగ్గర మేం పనిచేసే మామిడితోటకు వచ్చిండు, ఆ అలవాటు మాత్రం పోలే. అన్నం తినుకుంట కూడా ఓ కన్ను తలుపు మీదనే. "జర కూసో కాకా" అంటే "కూసున్న గదరా" అనుకుంటనే లేచేటోడు.

ఒకపారి మా తోట యజమాని కఫీల్ మామిడి సాగు చూడనీకి పిలిస్తే, జపాన్‌ల ఏదో పల్లె నుంచి ఓ ముసలి రైతు వచ్చి వారం రోజులు ఉన్నడు. మొదటి రోజే మా రూముకు అన్నానికి పిలిచినం. ఆయన గడప కాడ వంగి, తన బూట్లతో పాటు మా అందరి చెప్పులు బయటి దిక్కు తిప్పి వరుసగ పెట్టిండు.

కాక చేతిల గంటె ఆగిపోయింది. "అడుగురా, మళ్ల లడాయి వస్తున్నదా?"

నాకొచ్చిన ఇంగ్లీషుల అడిగిన. "మా ఊర్లె ఇది మర్యాద. పోయేటోళ్లకు సులువైతది" అని ముసలాయన నవ్విండు. కాక నవ్వలే.

ఆఖరి రోజు ముసలాయన తింటుంటే, కాక లేచి గడప కాడికి పోయి ఆయన బూట్లు లోపలి దిక్కు తిప్పిండు.

"ఇదేందని అడుగుతున్నడు కాకా."

"మా ఊర్ల సుట్టాన్ని జల్ది పోనియ్యరని చెప్పు."

ఆ బూట్ల పక్కనే కాక చెప్పులున్నయి. అవి మాత్రం వాకిలి దిక్కే చూస్తున్నయి.