నాన్న పట్టిన పండుగప్ప

మొన్న శనివారం నేను నా జీవితంలోనే గొప్ప వాదన ఒకటి చేశాను. పాయింటు మీద పాయింటు, సాక్ష్యం మీద సాక్ష్యం. గెలిచాను. దెబ్బ మాత్రం మా నాన్నకి తగిలింది. అదెలాగో చెప్తాను, మీరు టీ తాగుతూ వినండి.

ముందు మా మామయ్య సంగతి. అమ్మకి తమ్ముడు, కాకినాడ మనిషి. అబుదాబి బయట మఫ్రఖ్‌లో, లేబర్ క్యాంపులకి భోజనాలు పంపే ఒక కిచెన్‌లో పర్చేజ్ చూస్తాడు. అంటే కోళ్లు, కూరగాయలు, చేపలు అన్నీ లారీల్లో వచ్చి ఆయన కళ్ల ముందు నుంచే ఫ్రీజర్లలోకి వెళ్తాయి. నా అనుమానానికి పునాది అదే.

ఆయనకి ఈమధ్య గాలం పిచ్చి పట్టింది. ఇక్కడ మామూలు చెరువుల దగ్గర బాతుల్ని చూడొచ్చు, చాప పరుచుకుని బిర్యానీ తినొచ్చు, గాలం మాత్రం వెయ్యనివ్వరు. అందుకని అల్ ఐన్ రోడ్డు మీద ఎవరిదో ఫామ్‌లో తవ్విన చెరువుకి పోతాడు. అందులో పండుగప్ప చేపలు పెంచుతారు. టికెట్ కొనుక్కుంటే సాయంత్రం దాకా పట్టుకోవచ్చు. శనివారం మధ్యాహ్నమయ్యేసరికి మా ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పడుతుంది. మామయ్య, ఆయన చేతిలో పండుగప్ప, మొహానికి నల్ల కళ్లద్దాలు. కింద ప్రతిసారీ ఒకటే మాట: "బావగారూ, మీదెక్కడండీ?"

ఆ బావగారు మా నాన్న. జగిత్యాల వైపు మనిషి, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ప్యాకింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. ఆయనా మామయ్యతో కొన్నిసార్లు వెళ్లాడు. చేప పడలేదు. ఒకసారి మాత్రం గాలం విసరబోతే పక్కన నిలబడ్డ ఫిలిప్పినో ఆయన టోపీ గాలానికి పడింది. మామయ్య అదీ ఫోటో తీసి పెట్టాడు. అప్పట్నుంచి కాకినాడలోనూ, జగిత్యాలలోనూ, మధ్యలో ఉన్న హైదరాబాద్ చుట్టాల్లోనూ మా నాన్న పేరు "టోపీ బావ".

నాన్న పైకి నవ్వేవాడు. కానీ గ్రూపుని మ్యూట్‌లో పెట్టాడు. కొత్త రాడ్ కొన్నాడు. దుబాయ్ ఖిసైస్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో గాలం విసరడం ప్రాక్టీసు చేస్తూ పక్కవాళ్ల టవల్ లాగేశాడు. ఒకరోజు నాతో మెల్లగా అన్నాడు: "ఒక్కటి పడితే చాలు బిడ్డా. ఒక్క ఫోటో. గంతే. మల్ల గాలం ముట్ట."

ఆ మాటతో నా రక్తం మరిగింది. కాలేజీ డిబేట్లు నాకు నేర్పింది ఒకటే. ఎదుటివాడు మరీ హాయిగా నవ్వుతున్నాడంటే వాడు ఏదో దాస్తున్నాడని. మామయ్య ఫోటోలన్నీ తెరిచి జూమ్ చేసి చూశాను. చేప గడ్డి మీద ఉంటుంది, చేతిలో ఉంటుంది, నీళ్లలో మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు. ఆయన ఉద్యోగం చూస్తే చేపల ఫ్రీజర్ పక్కన. ఇంకేం కావాలి? మామయ్య కిచెన్ నుంచి చేపలు తెచ్చి పోజులిస్తున్నాడని నిర్ణయించేశాను. ఈసారి నేనూ వస్తానన్నాను. నాన్న మొహం కాస్త వాడింది. నాకు ఎండ తగులుతుందని భయపడుతున్నాడేమో అనుకున్నాను.

చెరువు దగ్గరికి నేను, అమ్మ, నాన్న ఒక కారులో వెళ్లాం. మామయ్య అబుదాబి నుంచి తన కారులో వచ్చాడు. గాలాలు తియ్యకముందే నేను రూల్స్ చదివాను. పడిన చేపని అక్కడికక్కడే, అందరి ముందూ కడుపు కోసి చూడాలి. కొన్న చేపైతే శుభ్రం చేసి ఉంటుంది, లోపలేమీ ఉండదు. పట్టిన చేపైతే పేగులుంటాయి.

"నేను చేపలు పట్టడానికొచ్చానా, ఇమిగ్రేషన్‌కొచ్చానా అమ్మడూ?" అన్నాడు మామయ్య. అంటూనే తన సంచిలోంచి చాకు తీసి నా చేతికిచ్చాడు. అంత ధైర్యమేమిటా అని అనుమానం ఇంకాస్త పెరిగింది.

"కోసుడెందుకు బిడ్డా?" అన్నాడు నాన్న. "ఇంటికి పోయినంక అమ్మ కోస్తది గద."

పాపం, ఎంత మెత్తని మనసు అనుకున్నాను.

తర్వాత నాన్న సంచి వదిలేసి మామయ్య ఐస్ బాక్స్ తనిఖీ చేశాను. ఐసు, లబన్ మజ్జిగ బాటిళ్లు, పులిహోర డబ్బా. డబ్బా మూత కూడా తీశాను.

"పల్లీల కింద చూడు అమ్మడూ. అక్కడ తిమింగలాన్ని దాచాను."

"ఒరేయ్, దాన్ని రెచ్చగొట్టకు," అంది అమ్మ.

కాసేపటికి మామయ్య గాలానికి చేప పడింది. మా కళ్ల ముందే. రాడ్ విల్లులా వంగింది, చేప నీళ్లలోంచి ఎగిరి మా అందరి మీదా నీళ్లు చిమ్మింది. చిన్నదే గానీ పండుగప్పే. చాకు పెడితే సాఫీగా దిగింది. పేగులున్నాయి, సగం అరిగిన రొయ్య కూడా ఉంది.

మామూలు మనిషైతే అక్కడితో ఊరుకునేది. నేను డిబేటర్ని కదా. ముందు ఒక చిన్న నిజం చూపించి నమ్మకం సంపాదించడం, ఆ తర్వాత పెద్ద అబద్ధం దించడం నాకు తెలియని ఎత్తు కాదు. పెద్ద చేప ఎక్కడో రెడీగా ఉంది. ఎక్కడుంటుంది? కారులో.

"డిక్కీ తెరువు మామయ్యా."

"తెరుస్తానమ్మా. పాస్‌పోర్ట్ కూడా చూపించమంటావా?"

"అమ్మా, నువ్వూ రా. సాక్షి కావాలి."

నాన్న కదలలేదు. "మీరు పోండ్రి. నేను గాలం సూస్కుంట," అన్నాడు.

పార్కింగ్ ఖర్జూరం చెట్ల అవతల ఉంది. డిక్కీలో మడత కుర్చీలు, ఒక గొడుగు, అత్తయ్య ఊరెళ్తూ మర్చిపోయిన చెప్పులు ఉన్నాయి. కింద స్టెప్నీ టైరు మూత కూడా ఎత్తించాను. టైరే ఉంది. టైరుని కూడా ఒకసారి తట్టి చూస్తున్నాను, అంతలో చెరువు వైపు నుంచి నాన్న కేక.

"పడ్డది. పడ్డదీ. జల్ది రాండ్రి."

ముగ్గురం పరుగెత్తాం. ఒడ్డున నాన్న మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో టవల్, టవల్‌లో పండుగప్ప. మామయ్య పట్టినదానికి మూడింతలుంటుంది. నోట్లో గాలం, గాలానికి దారం, దారం చివర రాడ్, అన్నీ సక్రమంగా ఉన్నాయి. పురిటి బిడ్డని చుట్టినట్టు చుట్టాడు, తల మాత్రమే కనిపిస్తోంది.

"కదలట్లేదేంటండీ?" అంది అమ్మ.

"అలిసిపోయింది. మస్తు కొట్లాడింది," అన్నాడు నాన్న.

మామయ్య కళ్లద్దాలు తీశాడు. చేపని చూశాడు, నాన్నని చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. "ఒప్పుకున్నాను బావగారూ. ఈరోజు మీదేనండీ."

ఆ క్షణంలో నాన్న మొహం మీరు చూడాల్సింది. నేను ఫోటో తీసి వెంటనే గ్రూపులో పెట్టాను. "నాన్న పట్టిన పండుగప్ప. ఇక ఎవరి టోపీలు వాళ్లు జాగ్రత్త చేసుకోండి." క్షణాల్లో ఫోన్ మోగడం మొదలైంది. జగిత్యాల నుంచి పెదనాన్న వాయిస్ మెసేజ్: "శభాష్ రా తమ్మీ."

అక్కడితో ఆగిపోవాల్సింది. లోకంలో అన్నిటినీ అనుమానించే నాకు ఆ చేప మీద ఒక్క చుక్క అనుమానం రాలేదు. పైగా దాని మీద ఇంకెవరికీ అనుమానం మిగలకూడదనిపించింది.

"ఇప్పుడు కోద్దాం," అన్నాను.

"వద్దు బిడ్డా. ఇంటికి పోయినంక."

"రూలు రూలే నాన్నా. రేపు ఎవరూ ఒక్క మాట అనకూడదు."

"నేనేమీ అనట్లేదమ్మడూ," అన్నాడు మామయ్య.

"ఇవాళ అనవు. వచ్చే వారం అంటావు."

నాన్న చేతుల్లోంచి చేపని దాదాపు లాక్కున్నాను. గడ్డి మీద పెట్టి, కడుపు దగ్గర టవల్ కాస్త జరిపి, చాకు ఆనించి నొక్కాను. ఠక్‌మంది. చాకు జారింది. ఇంకాస్త గట్టిగా నొక్కాను. పైన తోలు తెగింది, లోపల రాయి. తెల్లగా, చల్లగా, పొగలాంటిది కూడా వచ్చింది.

మామయ్య గొంతుక్కూర్చుని వేలి కణుపుతో చేపని తలుపు కొట్టినట్టు కొట్టాడు. "బావగారూ, ఈ చెరువు అడుగున ఏసీ గానీ పెట్టారాండీ?"

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాను. లేచి నిలబడ్డాను.

"నువ్వే చేశావు మామయ్యా. ఫ్రీజర్లున్నది ఎవరికి? నీకు. నాన్నని నవ్వులపాలు చేస్తే ఎవరికి సరదా? నీకు. గడ్డకట్టిన చేపని నాన్న గాలానికి తగిలించి, పట్టానని ఆయన మురిసిపోతే, గ్రూపులో రచ్చ చేద్దామని ప్లాను."

"నేను నీతోనే ఉన్నాను కదమ్మా. నీ ముందే టైరు మూత ఎత్తాను."

"మనిషిని పెట్టి చేయించావు. ఆ చెరువు భాయ్‌ని."

దూరంగా చెరువు కాపలా భాయ్ మమ్మల్ని చూసి మర్యాదగా చెయ్యూపాడు.

"చూశారా? సైగలు."

"బిడ్డా, ఇగ చాలు," అన్నాడు నాన్న నీరసంగా. అవమానం తట్టుకోలేకపోతున్నాడనుకుని ఇంకా రెచ్చిపోయాను. టవల్ లాగేశాను. చేప తోక సగం లేదు.

"ఇదిగో సాక్ష్యం. తోక చూడండి. కొరికింది కాదు, ఊడింది కాదు. కత్తెరతో తిన్నగా కత్తిరించారు. తోక లేని చేప చెరువులో ఈదుతుందా? ఇలా ఎవరు కత్తిరిస్తారు? పెట్టెల్లో ఇరికించి సర్దేవాళ్లు. ఈ తోక కోసిన చెయ్యి ఎవరిదో చెప్పండి, కేసు ఖలాస్."

మామయ్య వంగి తోకని చూశాడు.

"నాదే," అంది అమ్మ.

నేను అమ్మ వైపు తిరిగాను.

"మన ఫ్రీజర్ డ్రాయర్ మూతపడకపోతే నేనే కత్తిరించాను. రేపు పులుసు పెడదామని." అమ్మ నాతో మాట్లాడటం ఆపి నాన్న వైపు చూసింది. "ఏవండీ."

నాన్న నీళ్ల వైపు చూస్తున్నాడు. అక్కడ చూడటానికేమీ లేదు.

నా చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. హైదరాబాద్ అత్త పూలగుత్తి బొమ్మ పంపింది. ఎవరో నాన్న ఫోటోకి కిరీటం పెట్టారు. మామయ్య తన ఫోన్ తీశాడు. ఒక్క లైను రాస్తే చాలు, టోపీ బావ కాస్తా ఫ్రీజర్ బావ అయిపోతాడు, జన్మంతా.

మామయ్య ఒకసారి నాన్న వీపు వైపు చూసి టైప్ చేశాడు. నా ఫోన్ మళ్లీ మోగింది.

"చాలా పెద్దదండీ. బావగారిదే. నేనక్కడే ఉన్నాను."

కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "అక్కా, పులిహోర వడ్డించు," అని నాన్న పక్కకి వెళ్లి నిలబడ్డాడు. "బొటనవేలు ఇక్కడ ఆనించండి బావగారూ. విసరగానే వదిలెయ్యాలి. అంతేనండీ." సాయంత్రం దాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. నాన్నకి ఏమీ పడలేదు. టోపీ కూడా పడలేదు, అదే ప్రోగ్రెస్ అన్నాడు మామయ్య.

ఇంటికొచ్చేటప్పుడు నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి కరుగుతున్న చేపని నా ఒళ్లో పెట్టింది అమ్మ. శిక్షో, జాగ్రత్తో అడగలేదు. నా చుడీదార్ తడిసిపోయింది. దారిలో నేనే అన్నాను: "నాన్నా, నేను నీ కోసమే కదా అంత వాదించింది."

"ఎరుకే బిడ్డా," అన్నాడు నాన్న అద్దంలోంచి చూస్తూ. "వచ్చే శనివారం మల్ల పోతున్నం. గప్పుడు నువ్వు జర మీ మామ దిక్కు నిలబడి వాదించు."