పళ్ళపొడి అమ్మిన రోజులు

నేను డిగ్రీ ముగించిన ఏడు తమిళనాడులోని మా ధర్మపురి జిల్లాలో వానలు మొహం చాటేశాయి. నాయన చల్లిన రాగి మొలకల్లోనే మాడిపోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం నాకే ఇబ్బందిగా ఉండి, ధర్మపురి బస్టాండు దగ్గర గోడకు అంటించిన ప్రకటన చూసి ఒక పళ్ళపొడి కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగానికి వెళ్ళాను. ఇల్లిల్లూ తిరిగి అమ్మడాన్ని కూడా మార్కెటింగ్ అంటారని నాకు అప్పటికి తెలియదు. ఆడపిల్ల సంచి భుజాన వేసుకుని ఊళ్ళు పట్టి తిరగడమేమిటని నాయన కొన్నాళ్ళు నాతో మాటలు మానేశాడు.

శిక్షణ సేలంలో జరిగింది. ఒక కల్యాణమండపం మేడ మీద, టై కట్టుకున్న పెద్దాయన తమిళమూ ఇంగ్లీషూ కలిపి మాకు పాఠం చెప్పాడు. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినాలి. వద్దన్నవాళ్ళను ఎందుకు వద్దో అడిగి తెలుసుకోవాలి. వస్తువు గురించి మనకు తెలియనిది ఉండకూడదు. ‘లేదు’, ‘కాదు’ అనే మాటలు మన నోట రాకూడదు. అక్కడ కూర్చుని వింటుంటే అన్నీ సులువుగానే అనిపించాయి.

ఊళ్ళలోకి దిగాక ఆ పాఠాలేవీ పనికి రాలేదు. పాలక్కోడు చుట్టుపక్కల ఊళ్ళు నాకు అప్పజెప్పారు. గడప ముందు నిలబడి, శిక్షణలో నేర్చుకున్న తమిళం ముక్కలు గబగబా అప్పజెప్పేదాన్ని. ఆడవాళ్ళు వినేవాళ్ళు, తల ఊపేవాళ్ళు, లోపలికి పోయేవాళ్ళు. ఒక ఇంట్లో దాహమేసి, పొరపాటున ఇంట్లో మాట్లాడినట్టు తెలుగులో నీళ్ళడిగాను. ఆ ఇంటావిడ మొహం వెలిగిపోయింది. మనోళ్ళ పిల్లా అని చేయి పట్టుకుని కూర్చోబెట్టి, మాది ఏ ఊరో, మా అమ్మది ఏ ఊరో, నాకు పెళ్ళెందుకు కాలేదో అన్నీ అడిగింది. రాగిముద్ద పెట్టింది. పొడి మాత్రం కొనలేదు. చుట్టపుపిల్ల దగ్గర కొనడమేమిటన్నట్టు చూసింది. తమిళంలో అడిగితే పరాయిదాన్ని, తెలుగులో అడిగితే ఇంటిబిడ్డను. ఎటు చూసినా నా సంచి బరువు తగ్గేది కాదు.

తుంబలహళ్లి ఆనకట్ట దాటి లోపలికి పోతే ఒక చిన్న ఊరు. అక్కడ ఒక పిల్ల కనిపించింది. నాకన్నా రెండు మూడేళ్ళు చిన్న. ఇంటి ముందు టమాటాలు ఏరుతూ, నేను పక్కింటి వాకిట్లో తడబడుతుండడం కాసేపు చూసింది. చేతులు దులుపుకుని వచ్చి, నా చేతిలోని పొట్లం తను తీసుకుంది. ఆ పిల్ల పొడి గురించి మొదట ఒక్క మాటా అనలేదు. పక్కింటావిడను పళ్ళు దేంతో తోముతావని తెలుగులో అడిగింది. ఇటుకపొడితో అంటే, చిగుళ్ళు మండవా అంది. మండుతాయని ఆవిడే చెప్పుకొచ్చింది. ఒక ముసలమ్మకు కన్నడంలో చెప్పింది, బోరు దగ్గర నిలబడ్డవాళ్ళతో తమిళంలో నవ్వులాడింది. మాట్లాడినంతసేపూ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. నేను వారం తిరిగినా అమ్మలేనిది ఆ వీధిలో ఆ పూట అమ్ముడైంది.

కొంగు ఎందుకో తర్వాత అర్థమైంది. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఆ పిల్లకే కాదు, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన అందరికీ అంతే. బోరు నీళ్ళలో ఏదో ఉందట. ఆఫీసర్లు వచ్చి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయి, తాగవద్దని చెప్పిపోయారట. వేరే బోరు ఎక్కడుందో మాత్రం చెప్పలేదట. వాళ్ళ తాతకు మోకాళ్ళు వంగిపోయి, గోడ పట్టుకుని నడిచేవాడు. అదీ నీళ్ళ వల్లేనని వాళ్ళమ్మ నాకు మజ్జిగ ఇస్తూ మామూలుగా చెప్పింది. నాలుగిళ్ళవతల నేనూ ఆ నీళ్ళే తాగి వచ్చాను. నాకు ఒకరోజు నీళ్ళు, వాళ్ళకు బతుకంతా.

ఆ నెలలోనే మా మేనేజరు ఆ వైపు ఊళ్ళలో పొడి అమ్మడానికి స్థానికంగా ఒక అమ్మాయిని చూడమన్నాడు. నాకు ఇంకెవరూ తోచలేదు. వెళ్ళి చెబితే, పిల్ల కళ్ళు పెద్దవి చేసి వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ కాసేపు ఆలోచించి, నువ్వు కూడా ఉంటావు కదా అని నన్నడిగి ఒప్పుకుంది.

తర్వాత నేను ఆ ఊరికి వెళ్ళినప్పుడల్లా సేలంలో విన్న పాఠాలు ఆ పిల్లకు చెప్పేదాన్ని. ఎదుటివాళ్ళ మాట వినాలన్నది ఆమెకు పాఠంలాగే అనిపించలేదు, వినకపోతే ఎట్లా మాట్లాడేదని అడిగింది. ‘కాదు’ అనకూడదన్న పాఠం దగ్గర మాత్రం ఆగింది.

“అక్కా, ఈ పొడితో ఈ మరక పోతాదా?” అంది. కొంగు తీసి, నాకు పళ్ళు చూపించి అడిగింది.

పెద్దాయన చెప్పిన ప్రకారం నేను వేరే మాటలోకి దాటిపోవాలి. దాటలేకపోయాను. పోదని, అది పైన అంటిన మరక కాదని, నీళ్ళ వల్ల పంటిలోపలే పట్టిందని చెప్పాను.

“అయితే తెల్లగా అవుతాయని నేను చెప్పనక్కా. నోరు వాసన పోతాది, చిగుళ్ళు మండవు. అంతవరకే చెప్తా. అది చాల్లే.”

ఇంటర్వ్యూ ధర్మపురి బస్టాండు పక్కన ఒక లాడ్జి గదిలో పెట్టారు. పిల్ల కుట్టించుకున్న కొత్త జాకెట్టు వేసుకుని వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మేనేజరు చెడ్డవాడు కాదు. మా అందరితో మర్యాదగా ఉండేవాడు. తను మొండి రైతునని అనుకుని, తనకు పొడి అమ్మి చూపించమని ఆమెను అడిగాడు. వేపపుల్ల ఉండగా నీ పొడి ఎందుకన్నాడు. పుల్ల మంచిదేనని, మీరు ఉదయాన్నే చెట్టు దగ్గరికి పోతున్నారా అని పిల్ల తమిళంలో అడిగింది. చెట్టు ఎక్కడుందని మళ్ళీ అడిగింది. ఆయన ఉండేది సేలంలో మూడో అంతస్తులో. ఆయన పకపకా నవ్వేశాడు. ఆ నవ్వుకు ఆమె కూడా నవ్వింది. కొంగు సంగతి మరిచిపోయింది.

ఆయన నవ్వు మెల్లగా ఆగిపోయింది. కిందికి పోయి టీ తాగి రామ్మా అని ఆమెను పంపాడు. తలుపు మూసుకున్నాక, పిల్ల బంగారం అన్నాడు. కానీ పళ్ళపొడి చేతిలో పెట్టుకుని ఆ నోటితో జనం ముందు నిలబడితే మన పొడికి ఏం విలువ ఉంటుందన్నాడు. ఆ ఊళ్ళలో కొనేవాళ్ళందరి పళ్ళూ అలాగే ఉంటాయని, వాళ్ళకు ఆమె మాట మీదే నమ్మకమని నేనన్నాను. అమ్మకం ఎంత జరిగిందో చెప్పాను. అదీ కాకపోతే జనానికి కనపడకుండా లోపల ఏదైనా పని ఇవ్వమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నాడు. పైవాళ్ళు ఫోటో అడుగుతారని, అది తన చేతిలో లేదని చెప్పాడు. తర్వాత నిజంగా నా మీద దయతోనే ఒక మాట అన్నాడు.

“నువ్వే చెప్పమ్మా ఆ పిల్లకు. మీ భాషలో చెబితే అంత నొప్పిగా ఉండదు.”

నేను మెట్లు దిగుతూ మాటలు వెతుక్కున్నాను. అమ్మ నాకు నేర్పిన తెలుగులో అన్నం పెట్టమనడం, రమ్మనడం, పోయొస్తాననడం ఉన్నాయి. ఈ మాట చెప్పడానికి ఏమీ దొరకలేదు. టీకొట్టు బెంచీ మీద ఆమె గ్లాసు పట్టుకుని కూర్చుంది. టీ చల్లారిపోయింది. నా మొహం చూసి తనే అడిగింది.

“పళ్ళు చూసినాడు కదక్కా?”

నేను తల ఊపాను. ఆమె గ్లాసు కింద పెట్టి, నాకోసం ఇంకో టీ చెప్పింది. ఆకలేస్తుందేమో, బన్ను తింటావా అని నన్నడిగింది. నాకు ఏడుపొస్తుంటే, ఇక్కడ ఏడవద్దు, బస్టాండులో మనోళ్ళు ఉంటారు అని మెల్లగా అంది. నేను ఓదార్చవలసిన పిల్ల నన్ను ఓదార్చింది. ఆమెను పాలక్కోడు బస్సు ఎక్కించాక నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. లాడ్జికి తిరిగి వెళ్ళి మేనేజరును మళ్ళీ అడగాలనుకున్నాను. అడగడానికి కొత్త మాట ఏదీ లేదు.

తర్వాత ధర్మపురిలో ఒక పళ్ళ డాక్టరును కలిశాను. ముందు పళ్ళకు పైన పూత వేయవచ్చని ఆయన చెప్పాడు. దానికయ్యే ఖర్చు విన్నాక, అది ఆమెకూ నాకూ అందే సంగతి కాదని తెలిసింది. ఆ నీళ్ళు తాగినన్నాళ్ళూ ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కొత్తగా వచ్చే పళ్ళు కూడా అలాగే వస్తాయని ఆయన అన్నాడు. నేను ఈ సంగతి వాళ్ళింట్లో చెప్పలేదు. వాళ్ళకు తెలియనిది కాదు.

ఆ ఊరు నా జాబితాలోనే ఉంది కాబట్టి మళ్ళీ వెళ్ళక తప్పలేదు. ముఖం ఎలా చూపించాలా అనుకుంటూ వెళ్ళాను. ఆ పిల్ల మామూలుగానే ఎదురొచ్చి, వీధిలో అందరినీ పిలిచి, నా పక్కన నిలబడి నాకోసం అమ్మిపెట్టింది. వద్దన్నా వినలేదు. నీకు పని పోతే ఎట్లక్కా అంది. ప్రతిఫలంగా ఒక పొట్లం ఇవ్వబోతే, దానితో నాకేం పని అని నవ్వి, అప్పుడు కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

కొన్ని నెలల తర్వాత వెళ్ళేసరికి ఆమె లేదు. ఇంటి ముందు వాళ్ళమ్మ ఒక్కతే టమాటాలు ఏరుతోంది. తిరుప్పూరులో బనియన్ కంపెనీకి పోయిందట. ఊరినుంచి ఇంకో నలుగురు ఆడపిల్లలు కలిసి పోయారట. అక్కడ పళ్ళు ఎవరూ చూడరని వాళ్ళమ్మ చెప్పింది. నది నీళ్ళు హొగేనక్కల్ జలపాతం దగ్గర్నుంచి పైపుల్లో వస్తాయని అప్పుడే ఊళ్ళో అనుకుంటున్నారు. ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల ఆదివారాలు పక్కింటి ఫోనుకు చేస్తుందట. బాగుందా అని అడిగాను.

“బాగానే ఉండాదంట పాపా. నెల కాగానే సంబళం సరిగా ఇస్తారంట. మాట్లాడేదానికే లేదంట, మిషన్ల సద్దులో.”

ఆవిడ మళ్ళీ టమాటాల మీదికి వంగింది. పుచ్చినవి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు వేస్తోంది. నేను సంచి కింద పెట్టి, ఆవిడ పక్కన కూర్చుని, చేతికందినవి ఏరడం మొదలుపెట్టాను.