కాల్చిన చేప, తెల్లన్నం ముద్ద

అమ్మ పోయాక, ఆమె నిప్పుల మీద కాల్చే చేప కోసం నా ప్రాణం కొట్టుకుపోయేది. మేముండేది కౌలాలంపూర్‌లో. ఆదివారం వస్తే చాలు, ఆ రుచి వెతుక్కుంటూ కారులో ఊళ్లు తిరిగేవాళ్లం. మావారు విసుక్కుంటూనే నడిపేవారు.

ఒక మధ్యాహ్నం హుటాన్ మెలింటాంగ్ అనే ఊళ్లో, పడవల రేవు పక్కన చిన్న కొట్టు ముందు ఆగాం. అరిటాకుల్లో చేపలు కాలుస్తున్న పెద్దావిడ మా మాటలు విని తలెత్తింది.

"తెలుగోలేటి? ఏటమ్మా, అలా నిలబడిపోనావు? కూకో లా!"

చివరి 'లా' ఒక్కటే మలేషియాది. మిగతాదంతా అచ్చం మా శ్రీకాకుళం, మా అమ్మ గొంతు.

చేప ముక్క నోట్లో పెట్టుకోగానే ఇక ఏడుపు ఆగలేదు. నలుగురి మధ్యా భోరుమన్నాను. ఆవిడ కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

"ముల్లుగాని గుచ్చుకున్నాదా ఏటి? నమలకుండా మింగీయమ్మా!" అంటూ తెల్లన్నం ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. మావారు ఏదో చెప్పబోతే బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

అంత దూరం వెళ్లి తిన్న ఆ చేప రుచి ఎలా ఉందో ఇప్పుడు చెప్పలేను. "పోనాదా అమ్మా?" అని ఆవిడ నా వీపు రాస్తూ అడిగినప్పుడు మాత్రం, "ఇంకా ఉంది" అన్నాను, ఇంకో ముద్ద పెడుతుందని.