వాసన మారిన రోజు

శకుంతలమ్మ వంట చేసేటప్పుడు రుచి చూడదు. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూస్తే అది ఎంగిలి అంటుంది. జనగామ దగ్గర పల్లెలో అత్తగారు నేర్పిన పద్ధతి అది. వండినది ముందు దేవుడికి, తరవాత ఇంట్లోవాళ్లకి, ఆఖరున వండినవాళ్లకి. మరి ఉప్పు తగ్గితే ఎలా తెలుస్తుందని అడిగితే ముక్కు చూపించేది. మరిగే చారు మీదికి వంగి, కళ్లు మూసుకుని, జర ఉప్పు పడాలె అనేది. మొదట్లో నేను చాలాసార్లు పరీక్ష పెట్టి ఓడిపోయాను. నాకు ఓడిపోవడం బొత్తిగా ఇష్టముండదు కాబట్టి ఈ మాట నమ్మొచ్చు.

మా ఎదురు ఫ్లాట్‌లో ఆమె పదకొండేళ్లుగా వండుతోంది. జూబ్లీ హిల్స్ బంగళాల మధ్య ఇరుక్కున్న పాత అపార్ట్‌మెంట్ మాది. అరవై దాటినా షేక్‌పేట నుంచి నడిచే వస్తుంది, నాలుగంతస్తులూ మెట్లెక్కుతుంది, లిఫ్టును నమ్మదు. ఆ ఇంటి సోఫియా ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతుంది. తెలుగు రాని హీరోయిన్ తెర మీద ఏడిస్తే ఆ ఏడుపులో సగం మా సోఫియాదే. కోడికూర, చేపల పులుసు లాంటివి ఆదివారం తనే వండుకుంటుంది. మిగతా రోజుల్లో వంటిల్లు శకుంతలమ్మది. వాళ్లిద్దరికీ ఎన్నడూ పేచీ రాలేదు.

కిందటి డిసెంబరులో మాత్రం ఆ ఇంట్లో అందరికీ మతిపోయింది. నాతో సహా.

సోఫియా అమ్మమ్మ ప్రేమకుమారి గారు కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు. అక్కడి దొరసాని దగ్గర మిన్స్ పైలు చేయడం నేర్చుకుంది. ఎండు పళ్ల ముద్దను చిన్న చిన్న పిండి గిన్నెల్లో పెట్టి, పైన పిండితోనే మూత వేసి, ఓవెన్‌లో కాల్చేది. ప్రతి క్రిస్మస్‌కీ ఒక రేకు డబ్బా నిండా పంపేది. ఆ ఏడు వేసవిలో ఆవిడ పోయింది. పండగకి పిన్నమ్మలందరూ సోఫియా ఇంటికి వస్తామన్నారు. అమ్మమ్మ చేసే లాంటి పై ఒక్కటైనా పళ్లెంలో లేకపోతే తన వల్ల కాదని సోఫియా నా దగ్గర ఏడ్చింది. అది డబ్బింగ్ ఏడుపు కాదు.

అమ్మమ్మ రాసిన కాగితం దొరికింది. కిస్మిస్, తురిమిన యాపిల్, నారింజ తొక్క, బెల్లం, లవంగం, జాజికాయ, దాల్చినచెక్క. వాళ్లింట్లో మందు చుక్క కూడా రానివ్వరు కాబట్టి బ్రాందీ బదులు చిక్కటి టీ డికాక్షన్. అన్నీ కలిపి జాడీలో ఊరబెట్టాలి. కొలతలన్నీ "సరిపడా", "తగినంత". ఎన్నాళ్లు ఊరాలో రాయలేదు. కాగితం చివర ఒక్క వాక్యం ఉంది: "మూత తీస్తే వాసన మారిన రోజు పైలు చేసుకోవాలి."

వాసన సంగతి కాబట్టి సోఫియా నిశ్చింతగా జాడీని శకుంతలమ్మ చేతిలో పెట్టింది.

అప్పటికి మాకెవరికీ తెలియనిది ఇప్పుడే చెప్పేస్తాను. శకుంతలమ్మకు వాసన రాదు. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గింది, దాంతో పాటే ముక్కూ పోయింది. ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారని భయం. పోపు వేగిందని చెవితో కనిపెట్టేది, పప్పు ఉడికిందని కంటితో. ఉప్పు గుప్పిట అలవాటు మీద పడేది. గ్యాస్ కట్టేశానో లేదో అని మెట్ల దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చేది. ముసలితనం చాదస్తం అని నేను వేళాకోళం చేసేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా నోటి మీద నాకే కోపం వస్తుంది.

తెలిసిన వంటలతో రెండేళ్లు నెట్టుకొచ్చింది. ఇది తెలియని వంట. ఏ వాసన మారాలి, ఎక్కణ్నుంచి ఎక్కడికి మారాలి?

రోజూ సాయంత్రం సోఫియా స్టూడియో నుంచి వచ్చి జాడీ మూత తీసేది. వాసన చూసి, ఇంకా రాలేదు కదండీ అని అడిగేది. శకుంతలమ్మ ఆ అమ్మాయి మొహం చూసి, ఇంకా రాలే బిడ్డా అనేది. మర్నాడు సోఫియా కొంచెం నవ్వితే, మారుతున్నట్టుంది అనేది. సోఫియా నవ్వు ఆపేస్తే, అంతలోనే కాదులే అని దిద్దుకునేది. వారం రోజులు ఇదే తంతు.

చివరికి శకుంతలమ్మ అరువు ముక్కుల కోసం బయల్దేరింది. చిన్న గిన్నెలో ఆ ముద్ద వేసుకుని కిందికి వెళ్లి, వాచ్‌మన్ భిక్షం చేత వాసన చూపించింది. జాతరల మిఠాయి దుకాణం లెక్క ఉందన్నాడు. పక్క బంగళా డ్రైవరు దగ్గు మందు అన్నాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను ఏదో చిరాకులో ఉండి, పులిసిపోయిన వాసన, పారేయండి అన్నాను. ఆమె గిన్నెలోకి చూసి, నా మొహంలోకి చూసి, వెళ్లిపోయింది. ఇంత ముక్కున్న మనిషి నన్నెందుకు అడుగుతోందో అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను.

ఇరవై నాలుగో తారీఖు పొద్దున్న, ఇంక గత్యంతరం లేక, ఈరోజే మారింది అని ప్రకటించింది. సోఫియా కూడా వెంటనే, అవునండీ, నాకూ అలాగే అనిపించింది అంది.

మైదాలో చల్లటి వెన్న కలిపి పిండి చేయాలి. శకుంతలమ్మ చేతులకు పూరీపిండి అలవాటు, బాగా మర్దించేసింది. మొదటి వాయి చెక్కల్లా వచ్చింది. రెండోసారి సోఫియా పిండిని వేళ్లతో పొడిపొడిగా నలిపి ఇచ్చింది. మధ్యాహ్నానికి రెండు డజన్లు తయారయ్యాయి, అంచుల్లోంచి బెల్లం పాకం బుడగలు కడుతూ. నేను ఇచ్చిన ట్రే తీసుకుపోయే నెపంతో వంటింట్లోనే నిలబడ్డాను.

సోఫియా ఒకటి విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కొరికింది. చాలాసేపు నమిలింది. శకుంతలమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఆ మొహాన్నే చూస్తోంది.

"ఇదేనా అండీ?" అంది సోఫియా.

"నన్నడుగుతవేంది బిడ్డా? నీకు ఎరుక గదా."

"నాకు గుర్తు లేదు." సోఫియా చేతిలోని ముక్క వైపు చూసింది. "అమ్మమ్మ చేసే పై వాసన ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తున్నట్టు మీ ముందు నటించాను. మీ ముక్కే కనిపెడుతుందిలే అనుకున్నాను."

శకుంతలమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆమెకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలియలేదు.

"నాకు వాసన రాదు బిడ్డా," అంది. "రెండేండ్లాయె. నీ మొహం జూసే చెప్తున్న ఇన్ని రోజులు. రేపటి సంది వేరేటోళ్లను చూసుకో."

పులిసిపోయింది అన్నదాన్ని నేనే కాబట్టి నాకు తల ఎత్తాలనిపించలేదు. సోఫియా తను కొరకని రెండో సగాన్ని శకుంతలమ్మ చేతిలో పెట్టి, తినండి అంది. ఇంకా ఎవరికీ పెట్టలేదు, ఎట్ల తినాలె అందామె. సోఫియా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నలభై ఏళ్లలో మొదటిసారి, దేవుడి కంటే ముందు, పిన్నమ్మల కంటే ముందు, శకుంతలమ్మ వంటింట్లోనే తిన్నది.

"తియ్యగుంది. జర పుల్లగ. ఇంకేం తెలుస్తలేదు."

సోఫియా ఇంకో పై విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ముందు వెన్న. తరవాత నారింజ తొక్క, కాస్త చేదుగా. లవంగం వెనకాల వస్తోంది. అడుగున టీ. తెర మీది మొహాలకు మాటలు పెట్టే అమ్మాయి, ఒక్కొక్కటే ఆగి ఆగి చెప్పింది. శకుంతలమ్మ కళ్లు మూసుకుని, ఆ మాటల వెంటే నెమ్మదిగా నమిలింది.

అది అమ్మమ్మ చేసే పై అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పిన్నమ్మల్లో ఒకావిడ అచ్చం అమ్మ చేసినట్టే ఉందంది, ఇంకొకావిడ అస్సలు కాదంది. పళ్లెం మాత్రం ఖాళీ అయింది.

పండగ మర్నాడు పొద్దున్న నేను పెరుగు అడగడానికి వెళ్లాను. శకుంతలమ్మ పొయ్యి ముందుంది. సోఫియా జుట్టు ముడి వేసుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి, చారు వైపు ముక్కు చాపింది.

"ఇంగువ వచ్చిందండీ," అంది. "ఉప్పు జర పడాలె."