కాముడు మింగిన దోనె

ముందుగాల ఒప్పుకుంట. దశరథం మామ ఇంటి గోడకు ఆనిచ్చిన దుంగను గుంజుకపోయి, హోలి పున్నం రాత్రి పేటోళ్లు కాలవెట్టే కామునిల ఏసింది నేనే. ఇంకిద్దరు చెయ్యేసిన్రు గని, సూసింది నేను, సూపెట్టింది నేను, అది అంటుకున్నంక "ఎంత మంచిగ మండుతుందిరా" అని ఎగిరింది గూడ నేనే. వంటకట్టె అనుకున్న. నేతోళ్ల పేటల పుట్టి, నేత ఒక్కటి తప్ప అన్ని పన్లు నేర్సుకున్నోనికి గట్లనే కనవడ్తది. నా తప్పు గదే అని చాన దినాలు తలకాయ దించుకోని తిరిగిన.

మిగిలిన సంగతంత దశరథం మామది. కొంత ఆయన చెప్పిండు, ఎక్కువ ఆయన పెండ్లాం లక్ష్మీదేవత్త చెప్పింది. ఆయన చెప్తే రెండు మాటలు, ఆమె చెప్తే రెండు పూటలు.

గద్వాల కోటగోడ దాటినంక, ఊరు అయిపోయి చేన్లు షురువయ్యే కాడ ఉంటది మా పేట. నలభై ఇండ్లు, నలభై మగ్గాలు. శివరాత్రి పోయి మోదుగుపూలు పూసినయంటే పేటల అందరికి పానం లేసొస్తది. దశరథానికి మాత్రం ఆ పూలు కండ్లవడంగనే నడుం నొస్తది.

ఎందుకంటే కామునిపున్నానికి రంగుకోసం మోదుగుపూలు ఉడకవెట్టనీకె పెద్ద కాగు కావాలె. అది దశరథం ఇంట్లనే ఉంది, నూలుకు రంగేసేది. ఉగాదికి పేటంతటికి పచ్చడి కలిపేది గూడ ఆ కాగులనే. రెండు పండుగల నడుమ దాన్ని ఎవరు కడగాలెనో ఇప్పటిదాక ఎవరు తేల్సలే, పోయినేడు పచ్చడి ఎర్రగ వచ్చింది. నవమి పందిరికి తాళ్లు దశరథానియి. గుంజలు ఆయనయి. గుంజలకు గుంతలు తవ్వే గడ్డపార ఆయనది. తవ్వేది గూడ ఆయనే, ఎందుకంటే గడ్డపార ఇచ్చినోడు ఎట్లనన్న వస్తడు గదా అని.

ఇయన్ని ఒక ఎత్తు. సీతమ్మ చీరె ఇంకో ఎత్తు.

మా పేటల ఒక పద్ధతి ఉంది. కాముడు కాలిన తెల్లారి ఇంటికో కండె తీసిపెడ్తరు. కండె అంటే, మగ్గం మీద అటుఇటు ఉరికే నాడెల పెట్టే నూలు సుట్టిన పుల్ల. నలభై ఇండ్ల నలభై కండెలు ఒక్క చీరెల పడాలె. ఆ చీరె రామనవమి నాడు లగ్గంల సీతమ్మకు కట్టాలె. నేసేది దశరథం తాత, ఆయనెన్క నాయిన, ఆయనెన్క దశరథం. ఇనేటోళ్లకు మస్తు మంచిగుంటది. నేసేటోని బాధ నేసేటోనికే ఎరుక. ఒకరి నూలు లావు, ఒకరిది సన్నం. ఒకరి ఎరుపు మిరపపండు, ఒకరి ఎరుపు ఇటుకపెళ్ల. నలభై తీర్ల నూలును ఒక్క తీరుగ కనవడేటట్టు కలపాలె. కలిపేటాళ్లకు ఆడోళ్లు ఒకరెన్క ఒకరొచ్చి మగ్గం గుంత కాడ నిలవడ్తరు.

"దశరథమన్నా, మా కండె వడ్డదా?"

"నిన్ననే వడ్డదమ్మా."

"యాడుంది?"

"గిగో, గీడ."

"గింతనేనా? అమృతమ్మోళ్లది జానెడుంది గదా! మా నూలు ఏడ దాసినవు?"

యాభై దాటిన మనిషి. పొద్దంత గుంతల కాళ్లు ఏలాడేసి కూసుంటె మోకాళ్లల్లకు సలి గుంజి పట్టుకపోయినయి. పొద్దు వాలితె పోగు ఒకటి రెండుగ కనవడ్తది. పదేండ్లసంది ఆయనకు ఒక్కటే కోరిక: ఈ చీరె ఇంకెవరన్న నేస్తె బాగుండు, నవమినాడు నేను గూడ అందర్లెక్క పానకం తాగి కూసుంటె బాగుండు. ప్రతి యేడు పెద్దల కూటమికి పోయేటప్పుడు తొవ్వంత ఆ మాట నోట్ల తిప్పుకుంట పోతడు. ఒకయేడు "ఈయేడు..." అన్నదాక వచ్చింది. పేట పెద్ద రామచంద్రయ్య భుజం మీద చెయ్యేసి "ఈయేడు గూడ నీదే లేవయ్యా, పరేషాన్ గాకు" అన్నడు. గంతే. ఆయన అట్లనే తిరిగొచ్చి, గుంతల దిగిండు.

తాతలనాటి పని వద్దన్నోడు పేటల ఎట్ల తలెత్తుకుంటడు? గా ఒక్క భయం. అటుపక్క రామస్వామి ఉండె. ఇరవై ఎనిమిదేండ్లోడు, రెండు మగ్గాలు, ఎద్దుబలం. సీతమ్మ చీరె నాకిస్తె బాగుండు అని వానికి కోరిక. వాడూ నోరు దెర్వడు. ఇద్దరు ఒక్క కోరికనే చెరొక మూలల పెట్టుకోని సూస్తుండిరి.

మేము దుంగ ఎత్కపోయింది ఆ యేడు, జపానోళ్ల యుద్ధం మాట రైలుటేషన్ కాడ ఇనవడ్తున్న యేడు.

దోనె అంటే మగ్గానికి ముంగట, నేసేటోని పొట్టకు ఆనుకోని ఉండే దుంగ. నేసింది నేసినట్టు దానికి సుడ్తరు. దశరథం దోనె తాతలనాటిది. మూడు తరాల పొట్టలు ఆని ఆని నడుమ గిన్నెలెక్క గుంతవడ్డది. సీతమ్మ చీరె ఎక్కించే ముంగట దానికి నూనె రాసి ఎండవెట్టుడు అలవాటు. కామునిపున్నం నాడు గట్లనే రాసి బయట గోడకు ఆనిచ్చిండు.

కాముని నాడు ఏ ఇంటోళ్లయిన కట్టె అన్నది బయట ఉంచరు. నాగండ్లు, మంచాలు, రోకండ్లు అన్ని లోపట పెట్టుకుంటరు, పోరగాండ్లు ఎత్కపోతరని. ఎత్కపోయి కామునిల ఏస్తె మల్ల అడగరాదు, తిట్టరాదు. అది పద్ధతి. పొద్దుగూకేటాళ్లకు లక్ష్మీదేవమ్మ "దోనె లోపట పెట్టినవా?" అని అడిగి, బిందె పట్కొని బాయికి పోయింది. "పెడ్త" అన్నడు దశరథం. మోకాలు లేవనియ్యలె. మంచంల ఒరిగిండు.

అప్పుడు ఇనవడ్డది. గోడవతల అడుగులు, గుసగుస, నడుమ ఒకడు నవ్వాపుకోలేక ముక్కుతోటి సప్పుడు చేసుడు. ఆ ముక్కు నాదే. దశరథానికి అర్థమైంది. ఒక్కపారి దగ్గితె చాలు, కోతుల్లెక్క ఉరుకుతరు. దగ్గు గొంతుదాక వచ్చింది గూడ. దగ్గలే. మింగిండు. గోడకు దుంగ రాసుకున్న సప్పుడైంది. అడుగులు దూరమైనయి. నాయిన పొట్ట ఆనిన దుంగ పోతుందని ఒకపారి పానం గుంజింది. దానెన్కనే మోకాళ్లు తేలికైనయి.

తెల్లారి లక్ష్మీదేవమ్మ ఉత్త గోడను సూసి గుండె కొట్టుకున్నది. ఎత్కపోయినోళ్లను తిట్టరాదు గనక గోడను తిట్టింది, ఎండను తిట్టింది, నూనెను తిట్టింది. తిట్లు అయిపోయినంక మొగనిదిక్కు తిరిగింది.

"నిన్న నేను బాయి నుంచి వచ్చేటాళ్లకు మంచంల ఉంటివి గదా."

"ఆఁ, ఉంటి."

"గురక ఇనవడలె నాకు."

"నిద్ర వట్టలె."

"వట్టకుంటె గోడకాడ సప్పుడు గూడ ఇనవడాలె గదా?"

దశరథం కాళ్లదిక్కు సూసుకున్నడు. ఆమెకు సంగతి అర్థమైంది. కండెలు సుట్టి సుట్టి పగిలిన తన చేతివేళ్లను కొంగుకు రాసుకున్నది.

"చీరె నేసినింటిదాన్నని నవమినాడు అందరికంటె ముందుగాల బొట్టు నాకు వెడ్తుండిరి" అన్నది మెల్లగ. "సరే, పోనియ్" అని ఆమెనే లేసి పొయ్యి ముట్టిచ్చింది.

కూటమి కూసున్నరు. వేరేటోళ్ల దోనె మీద సీతమ్మ చీరె నేయరు, అది గూడ పద్ధతే. రామచంద్రయ్య గడ్డం గీక్కొని "ఉగాది దాక సూద్దం" అన్నడు. "ఉగాదికి దశరథం సొంత దోనె మీద పడుగు ఎక్కకుంటె రామస్వామి నేస్తడు. ఒకపారి చెయ్యి మారితె మల్ల మారది, ఇప్పుడే చెప్తున్న." రామస్వామి సంబురం కనవడొద్దని కాలి బొటనవేలు సూసుకున్నడు. దశరథం గూడ గదే పని చేసిండు.

పదిహేను దినాలు. మగ్గం ఆగింది, ఇంట్ల జొన్నలు ఎట్లనో ఎల్తయి. నవమి దాటినంక ఏదో ఒక దుంగ పెట్టుకోని పంచెలు నేసుకుందమనుకున్నడు. పొద్దుగాల ఎండల కాళ్లు సాపుకోని కూసున్నడు. ఆడివిల్లలు కోలాటం ఆడుతుంటె మొదటిసారి ఆఖరుదాక సూసిండు. ఇన్నేండ్లు మగ్గం సప్పుడుల ఆ పాట సగమే ఇన్నడంట. కాగు అడగనీకె వస్తె ఇచ్చిండు, గడ్డపార అడిగితె "మోకాలు" అన్నడు. ఎవరు ఏమనలె. పాపం దోనె పోయిన మనిషి అనుకున్నరు. పన్నెండు దినాలు పోయినయి. ఇంక మూడు.

ఈ మూడు దినాలు కాపాడుకుంటె సాలు అని ఆయన లెక్క. మా లెక్క వేరే ఉండె.

ఆ దుంగ ఏందో తెల్సిన నాటిసంది నాకు అన్నం పోలె. ముగ్గురం కల్సి కట్టెపని జేసే వడ్ల వెంకటన్న కాడికి పోయినం. ఆయన బాడిస పక్కకు పెట్టి మమ్మల్ని పైనుంచి కిందిదాక సూసిండు.

"మీరు కాలవెట్టింది మూడు తరాల టేకురా, గాడిదకొడుకుల్లారా. పచ్చికట్టెతోటి జేస్తె పదిదినాలకు వంగుతది, చీరె ఒకపక్క ఏలాడ్తది. ఎండకు వానకు కాగిన కట్టె తెండ్రి."

పేటల అసోంటి కట్టె ఎవరియ్యలే, మమ్మల్ని సూస్తనే తలుపులేసుకున్నరు. ఆఖరికి కృష్ణ దాటి పెబ్బేరు సంతకు పోయినం. పశువులు అమ్మే కాడ ఇరిగిన బండొకటి పక్కకు పడ్డది. కాడికి కట్టే దాని నొగ టేకుది, ఇనుములెక్క ఉంది. బండాయన కాళ్లు పట్టుకోని, ఆయన ఎడ్లను రెండు దినాలు మేపి అడిగి తెచ్చినం. ఏరు దాటిచ్చే గుండ్రటి పుట్టిల అది పట్టలే. అడ్డం పెడ్తె పుట్టి గిర్రున తిరిగింది. పుట్టాయన తిట్టిన తిట్లు కాముని పద్ధతికి లోబడినయి గావు.

ఉగాది ముంగటి దినం పగటిపూట దశరథం గుమ్మంల కూసోని ఉండె. డప్పు ఇనవడ్డది. ఎవరిదో లగ్గం అనుకున్నడు. డప్పు మలుపు తిరిగి తన ఇంటిదిక్కే వచ్చింది. ముంగట మేము, భుజాల మీద పసుపు రాసిన కొత్త దోనె, దానికి మామిడాకులు. ఎన్క పేటంత. వెంకటన్న ముంగటికొచ్చి దోనె నడుమ చెయ్యిపెట్టి సూపిచ్చిండు. అండ్ల గిన్నెలెక్క గుంత.

"నీ పొట్ట కొలత నాకు యాదికుందే దశరథం. ముందుగాలనే అరగదీసిన, నీకు కొత్త కావద్దని."

దశరథం కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "సూడుండ్రి, ఎంత సంబురమో!" అన్నడు రామచంద్రయ్య. నేనైతే ఆ నీళ్లు సూసి నా పాపం పోయిందనుకున్న. లక్ష్మీదేవమ్మ ఒక్కతె మొగని మొకం సూసి కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. ఏడ్సిందో నవ్విందో ఇప్పటికి చెప్పది.

ఇరవై దినాలకు పైన వట్టే పని తొమ్మిది దినాలల్ల జేయాలె. పొద్దు పొడవకముందే గుంతల దిగుడు, పొద్దు వాలేదాక ఎక్కకపోవుడు. ఎక్కేటప్పుడు మోకాళ్లు ఇప్పనీకె లక్ష్మీదేవమ్మను ఒకదిక్కు, గోడ ఒకదిక్కు పట్టుకోవాలె. అన్నం గుంత అంచుమీదనే. నలభై కండెలు ముంగట పోసుకోని లావుదాని పక్క సన్నది, మిరపపండు పక్క ఇటుకపెళ్ల పేర్సుకుంట, ఒక్కొక్క పోగుకు కండ్లు చికిలిచ్చుకుంట నేసిండు. ఆడోళ్లు రావుడు మాత్రం బందు గాలె.

"మా కండె వడ్డదా, దశరథమన్నా?"

"వడ్డదమ్మా."

"యాడుంది?"

"గిగో."

ఆఖరి రెండు దినాలు ఆయన యాడుందో సూడకుండనే యాడనో ఒకకాడ ఏలు పెట్టిండు. అందరు సంబురంగనే పోయిన్రు.

నవమి పొద్దుగాల చీరె కోసి రామచంద్రయ్య చేతుల పెట్టిండు. పేటంత "అబ్బ" అన్నది. ఎక్కడ ఎవరి నూలో దేవుడు గూడ పట్టలేడు. దశరథం పందిట్లకు వచ్చి ఒక గుంజకు ఆనుకోని కూసున్నడు. అది గూడ ఆయనదే, నిన్న రామస్వామి పాతిండు. అయ్యగారు మంత్రం మొదలువెట్టంగనే కన్ను మూతవడ్డది. తాళి కట్టే యాళ్లకు బాజాలు మోగినయి, ఆ బాజాలకంటె పైన దశరథం గురక. అయ్యగారు గొంతు పెంచిండు, గురక గూడ పెరిగింది. రామస్వామి లేసి తన తువ్వాల మడతవెట్టి ఆయన తలకు గుంజకు నడుమ జొనిపిండు. మొదటి బొట్టు లక్ష్మీదేవమ్మకే పెట్టిన్రు. పెట్టిచ్చుకోని వచ్చి ఆయన పక్కన కూసోని ఇసనకర్ర ఊపుకుంట ఉన్నది, లగ్గం అయిపోయేదాక. ఆయన పానకం తాగనే లేదు.

తెల్లారి నేను చెంబుల పానకం పట్కొని పోయిన. మామ మంచంల ఒరిగి ఉండె, మోకాళ్లకు వేడి ఉప్పు మూటలు కట్టుకోని. చెంబు ఆయన పక్కన పెట్టి, చేతులు కట్టుకోని నిలవడ్డ.

"మామా, కాముని నాడు దోనె ఎత్కపోయింది నేనే. నాకు తెల్వక జేసిన. తప్పైంది, మన్నించు. నువ్వు ఎంత తిట్టినా పడ్త."

ఆయన పానకం నిమ్మళంగ తాగిండు. చెంబు బోర్లిచ్చి ఆఖరి చుక్కదాక తాగి, నాదిక్కు సూసిండు.

"ఎత్కపోయినందుకు నిన్నేం తిట్టలేదురా, ముక్కుసప్పుడు ఇన్నప్పుడే లోపట దండం వెట్టుకున్న. పదేండ్లసంది నేను నోరు దెర్సి అడగలేంది నువ్వు అడగకుండ జేస్తివి. మల్ల కృష్ణ దాటి ఇంకో దుంగ తెచ్చి నా పొట్టకు కట్టినవు సూడు, గది నీ తప్పు. వచ్చే కామునికి రా, దోనె బయటనే పెడ్త, తాడు గూడ ఇస్త. గని దొంగవైతె దొంగలెక్కనే ఉండు, నడుమ మంచోనివి గాకు!"